ఎదిగించేవాడు

పురుషోత్తమ చౌదరి స్మారకోపన్యాసం

తెల్లవారకముందే విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌కు వచ్చి లారీల దగ్గర సరుకు దించుకుని, పగలంతా కొట్లు నడిపి, బరువులు మోసి, ఈ సాయంత్రం ఇంటికి వెళ్లకుండా నేరుగా ఇక్కడికి వచ్చి కూర్చున్న సోదరీ సోదరులకు ప్రభువు నామంలో వందనాలు. అలసిపోయి వచ్చిన మీకు పనికొచ్చే మాటే చెప్పాలని నా ప్రార్థన.

మనం స్మరించుకుంటున్న పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టారు. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబం. చదువు, ఛందస్సు, సంగీతం అన్నీ తెలిసిన మనిషి. మోక్షం కోసం వెతుక్కుంటున్న రోజుల్లో క్రైస్తవ పుస్తకాలు ఆయన చేతికి వచ్చాయి. వాటిని చదివి, చాలాకాలం మథనపడి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత 1890లో కన్నుమూసే దాకా ఈ ఉత్తర సర్కారుల్లో సువార్త చెబుతూ, పాటలు కడుతూ గడిపారు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయన పేరుతో ఎన్నో పాటలున్నాయి. అక్షరం రాని అవ్వలు కూడా వాటిని చరణం తప్పకుండా పాడుతుంటే నేను విన్నాను.

ఆ పాటల్లో పాడే మనిషి ఎక్కడ నిలబడి ఉంటాడో ఎప్పుడైనా గమనించారా? ‘త్రాహిమాం క్రీస్తు నాథా’ అనే కీర్తన మీకందరికీ తెలుసు. అందులోనూ, అలాంటి మరెన్నో పాటల్లోనూ, పాడేవాడి చేతిలో ఏమీ ఉండదు. తన పాండిత్యం గురించి, వదులుకున్న కులగౌరవం గురించి, పడ్డ కష్టాల గురించి దేవుని ముందు ఒక్క మాట ఎత్తడు. చెప్పుకోదలిస్తే చెప్పుకోవడానికి ఆయనకు చాలా ఉంది. అయినా దిక్కులేనివాడిగానే వస్తాడు. తెలుగువాళ్లకు ఈ స్వరం కొత్తది కాదు. మడుగులో మొసలి పట్టుకున్నప్పుడు పోతన గారి గజేంద్రుడు చాలాకాలం తన బలంతోనే పోరాడాడు. ఆ బలమంతా ఉడిగాకే పిలిచాడు. చౌదరి గారి పాటలు మొదట విన్నవాళ్ల చెవుల్లో ఆ పద్యాలు అప్పటికే ఉన్నాయి. అందుకే ఆ దీనస్వరం వాళ్లకు పరాయిదిగా అనిపించి ఉండదు.

అయితే గజేంద్రుడి పిలుపు ఒక ఆపదకు సంబంధించింది. ఆపదలో దేవుణ్ణి పిలవడం మనందరికీ చేతనవును. ఈ సాయంత్రం నేను అడగదలచింది దాని తర్వాతి ప్రశ్న. రక్షించబడ్డాక, బాప్తిస్మం తీసుకుని సంఘంలో చేరాక, ఏళ్ల తరబడి సాగే ఎదుగుదల ఎవరి బలం మీద జరుగుతుంది? మొదటి అడుగు దేవుడు వేయిస్తే మిగిలిన దారంతా మనం నడవాలా? నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటి అడుగు ఎవరి కృపో చివరి అడుగూ వారి కృపే. దీన్ని కొన్ని మెట్లుగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

1

మన సంఘాల పరిస్థితితో మొదలుపెడతాను. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు గుడి నిండిపోతుంది. బయట షామియానా వేస్తారు. వాగ్దాన వాక్యం కార్డు మీద తీసుకుని, కన్నీళ్లతో తీర్మానాలు చేసుకుంటాం. ఏడాదిలో బైబిలు మొత్తం చదువుతాను, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థిస్తాను, శుక్రవారం ఉపవాసం తప్పను, కోపం మానేస్తాను. ఇవన్నీ మంచివే. వీటిని తక్కువ చేయడానికి నేను రాలేదు.

కాని ఫిబ్రవరి వచ్చేసరికి ఏమవుతోంది? ఒక యువకుడు నాలుగింటికి లేవలేకపోతాడు. మానేస్తానన్న పాత అలవాటులో మళ్లీ పడతాడు. వారం రోజులు ఎవరికీ చెప్పడు. తర్వాత కూడికకు రావడం మానేస్తాడు. అడిగితే, ‘కాస్త సరిచేసుకుని వస్తానయ్యగారూ’ అంటాడు. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. విన్నప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. ఎందుకంటే ఆ అబ్బాయికి ఆ మాట నేర్పింది మనమే. ముందు నువ్వు సరవ్వు, తర్వాత దేవుని దగ్గరికి రా అని మనం వేదిక మీద చెప్పలేదు. మనం మెచ్చుకునే సాక్ష్యాలు, ముందు వరుసలో కూర్చోబెట్టే మనుషులు ఆ పని చేశారు.

లూకా 18లో ఇద్దరు ప్రార్థనకు వెళ్లారు. పరిసయ్యుడి ప్రార్థన ఎలా మొదలవుతుందో చూడండి. దేవునికి కృతజ్ఞత చెబుతూ మొదలవుతుంది! మాటల ప్రకారం అతడు మహిమ దేవునికే ఇస్తున్నాడు. ఆ వెంటనే వారానికి రెండు ఉపవాసాలు, దశమభాగం, పక్కనున్న సుంకరి కంటే తాను ఎంత మేలో చెబుతాడు. ‘అంతా దేవుని కృపేనండీ’ అంటూనే తన మీద తాను ఆధారపడటం మనిషికి సాధ్యమే. ఆ ఊతపదం నా నోట్లోనూ ఉంది, మీ నోట్లోనూ ఉంది. దేవుని మీద ఆనుకున్నామా లేదా అన్నది ఆ మాట తేల్చదు. పడిపోయిన రోజున ఎటు పరిగెత్తుతామో అది తేలుస్తుంది.

2

గలతీయులకు పౌలు రాసిన పత్రిక మూడో అధ్యాయం ఈ విషయం మీదే. ఆత్మతో ప్రారంభించినవారు ఇప్పుడు శరీరంతో ముగించబోతున్నారా అని ఆయన గట్టిగా నిలదీస్తాడు. గలతీ సంఘం క్రీస్తును వదిలేయలేదు. ఆయన చాలడని అనుకుంది, అంతే. ఆయనకు తోడుగా తమ పని ఒకటి చేర్చుకోబోయింది. పౌలుకు అది చిన్న పొరపాటుగా కనిపించలేదు. సువార్తే పోతోందని భయపడ్డాడు.

ఈ వాదం గలతీయతో ఆగలేదు. అయిదో శతాబ్దం తొలినాళ్లలో పెలాగియస్ అనే క్రమశిక్షణగల బోధకుడు, దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే దాన్ని నెరవేర్చే శక్తి మనలో ఉన్నట్టే కదా అని వాదించాడు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీన్ దాన్ని ఎదిరించాడు. ఆజ్ఞ ఇచ్చినవాడే శక్తి కూడా ఇవ్వాలి అన్నాడు. యవ్వనంలో తన శరీరేచ్ఛలతో సంవత్సరాల తరబడి పోరాడి ఓడినవాడు కాబట్టి ఆ సంగతి అగస్టీన్‌కు అనుభవంతో తెలుసు. ఇదే పాఠం జాన్ వెస్లీ కూడా నేర్చుకున్నాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఉపవాసాలు, ప్రార్థనావేళలు, జైలు సందర్శనలు పట్టిక వేసుకుని జీవించాడు. అమెరికాలోని జార్జియాకు సేవకు వెళ్లి, చితికిపోయి తిరిగొచ్చాడు. 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూడికలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుండగా, తాను క్రీస్తును మాత్రమే నమ్ముకుంటున్నానని మొదటిసారి గ్రహించాడు. ఆ తర్వాత ఆయన పని తగ్గలేదు. యాభై ఏళ్లపాటు గుర్రం మీద, బండి మీద దేశమంతా తిరుగుతూ ప్రసంగించాడు. ఈ విషయం కాస్త గుర్తుపెట్టుకోండి, అయిదో మెట్టులో మళ్లీ అవసరమవుతుంది.

పౌలు తన విషయం ఫిలిప్పీ మూడో అధ్యాయంలో వ్యాపారి భాషలో చెప్పాడు. ఇక్కడ కమిషన్ కొట్లు నడిపేవారికి ఇది నాకంటే బాగా అర్థమవుతుంది. మీ పద్దు పుస్తకంలో ఏళ్ల తరబడి జమ వైపు రాసుకున్న అంకెలన్నీ ఒకరోజు పొద్దున్నే నష్టం వైపుకు మార్చి రాయాల్సి వస్తే చెయ్యి వణకదూ? పౌలు తన పుట్టుక, తన గోత్రం, ధర్మశాస్త్రంలో తన నిష్ఠ, అన్నిటినీ అలా మార్చి రాశాడు. అందులో ఒక్కటీ చెడ్డపని కాదు. వాటి మీద ఆనుకున్నంతకాలం క్రీస్తు మీద ఆనుకోలేకపోయాడు కాబట్టే అవి నష్టమయ్యాయి. మన పాపాలు మనల్ని దేవునికి దూరం చేస్తాయని అందరికీ తెలుసు. మన పుణ్యాలు కూడా ఆ పని చేయగలవని ఒప్పుకోవడమే కష్టం.

3

ఇప్పుడు మన ఊరి సంగతి. తెలుగునాట ప్రొటెస్టెంట్ సేవ ఎక్కడ మొదలైందని అడిగితే విశాఖపట్నం పేరే చెప్పాలి. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు 1805లో ఈ రేవుకు వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. తరంగంబాడి నుంచి వచ్చిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయాడు. 1810లో డెస్ గ్రాంజెస్ పోయాడు. వచ్చి అయిదేళ్లు తిరిగాయో లేదో ఇద్దరూ లేరు. వాళ్లు తర్జుమా చేసిన సువార్తలు శ్రీరాంపూర్‌లో 1812లో అచ్చయ్యాయి. అచ్చయిన పుస్తకాన్ని ఇద్దరిలో ఎవరూ చేత్తో పట్టుకోలేదు.

వాళ్ల తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ వచ్చాడు. ఆయన చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. రెండేళ్లకు ఆయనా పోయాడు. బడులు నడిచాయి, బోధలు జరిగాయి. లెక్క చూసుకుంటే దశాబ్దాల పాటు చెప్పుకోదగ్గ ఫలం కనబడలేదు. మిషను బడిలో చదివిన పులిపాక జగన్నాథం గారు బాప్తిస్మం తీసుకుని, తర్వాత ఇక్కడే సంఘకాపరిగా నిలబడే నాటికి, మొదట వచ్చినవాళ్లు మట్టిలో కలిసి మూడు నాలుగు దశాబ్దాలు గడిచిపోయాయి.

ఆ ఇద్దరి సేవను ఈ రోజుల్లో మన పద్ధతిలో తూచితే ఏమంటాం? విఫలమైందంటాం. వార్షిక నివేదికలో వేసుకోవడానికి ఒక ఫోటో కూడా ఉండేది కాదు. కాని తెలుగు లేఖనం ఈ ఊళ్లో మొదలుపెట్టిన ఆ పని నుంచి పెరుగుతూ వచ్చింది. తెలుగులో క్రైస్తవ పుస్తకం అనేదే లేకపోతే చౌదరి గారు దేన్ని చదివి మథనపడేవారు? కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో పౌలు ఇదే చెప్పాడు. ఒకడు నాటుతాడు, ఇంకొకడు నీళ్లు పోస్తాడు, ఎదిగించేవాడు దేవుడు. నాటినవాడు చనిపోయినా ఎదిగించేవాడు ఉన్నాడు. ఈ ఉపన్యాసం పేరు అక్కడి నుంచే తీసుకున్నాను.

4

ఇక ఒంగోలు కథ. కాస్త నిదానంగా చెప్పనివ్వండి, నా వాదానికి ఇదే ఆయువుపట్టు. ఈ కథ మొదలైంది కూడా మన రేవులోనే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో మొదట విశాఖపట్నం వచ్చాడు. ఇక్కడా, శ్రీకాకుళంలోనూ కొంతకాలం ఉండి, మద్రాసు మీదుగా 1840లో నెల్లూరు చేరాడు. పదేళ్లకు, ఇరవై ఏళ్లకు కూడా చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమందే సంఘంలో చేరారు. ఆ మిషను మూసేద్దామని అమెరికాలోని పెద్దలు ఒకటి కంటే ఎక్కువసార్లు ఆలోచించారు. మిగిలిన చోట్లకు దూరంగా ఒక్కటే ఉంది కాబట్టి దానికి ‘ఒంటరి నక్షత్రం’ అనే పేరు కూడా పడింది.

1854 జనవరి 1. తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీదికి అయిదుగురు ఎక్కారు. ఆ మిషనుకు చెందిన లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని మోకరించి అడిగారు. దిగి వచ్చారు. ఏమీ జరగలేదు. ఒక ఏడు కాదు, పన్నెండేళ్లు. చివరికి 1866లో అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు.

క్లౌ దొర ఒకప్పుడు సర్వేయరు. కొలతలు, లెక్కలు తెలిసిన మనిషి. ఆయన దగ్గర ఒక ప్రణాళిక ఉంది. ఊళ్లో పెద్ద కులాల పిల్లలకు బడి పెడితే పలుకుబడి వస్తుంది, పైనుంచి సువార్త కిందికి దిగుతుంది అనుకున్నాడు. కాని ముందుగా వచ్చింది పెద్ద కులాలవారు కాదు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోలు పని చేసేవాడు. ముక్తి కోసం గురువుల దగ్గర యోగసాధన నేర్చి, తానే కొందరికి నేర్పిన సాధకుడు. అంతటి సాధన చేసినవాడు 1866లో క్రీస్తు దగ్గరికి ఏమీ లేనివాడిగా వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. తిరిగి తన పల్లెలకు వెళ్లి తనవాళ్లకు చెప్పాడు.

అప్పుడు చిక్కొచ్చింది. మాదిగలను చేర్చుకుంటే మేము రామని పెద్ద కులాలవారు తెగేసి చెప్పారు. క్లౌ తన ప్రణాళికకూ తన గుమ్మంలో నిలబడ్డ మనుషులకూ మధ్య ఇరుక్కున్నాడు. ఆ రోజు తానొక గదిలో, భార్య మరొక గదిలో ప్రార్థనతో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే భాగం ఎదురైందని ఆ మిషను చరిత్రలో చెబుతారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం. లోకంలో బలహీనులను, నీచులుగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని, ఎవరూ తన ఎదుట అతిశయపడకూడదని అలా చేశాడని చెప్పే వచనాలు. క్లౌ తన ప్రణాళిక వదిలేశాడు.

తర్వాత 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. ఇక్కడ క్లౌ చేసిన రెండు పనులూ మనకు పాఠాలే. మొదటిది, చేతులు కట్టుకుని కూర్చోలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇచ్చాడు. తన సర్వే చదువును దేవుని పనికి వాడాడు. రెండోది, కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వస్తున్నారేమో అన్న భయం. సంఖ్య పెంచుకోవడానికి అంతకంటే అనువైన సమయం ఏ సేవకుడికీ దొరకదు. ఆయన దాన్ని వాడుకోలేదు.

కరువు తగ్గింది, కాలువ పని ముగిసింది. అప్పుడొచ్చారు జనం. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలి అన్నారు. ఇంకా ఆగమని చెప్పినా ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. ఆయన గట్టు మీద ఉన్నాడు.

ఆ సంఖ్య చూసి పొంగిపోవద్దు. మనుషుల లెక్క వేరు, ఆత్మీయ ఎదుగుదల వేరు. ఆ వేలమందిని వాక్యంలో నిలబెట్టడానికి తర్వాత ఎంతో శ్రమ పట్టింది. నేను చూడమంటున్నది ఆ సంఖ్యకు ముందున్న ముప్పైఎనిమిదేళ్లను. అడగడం, ఎదురుచూడటం, ప్రణాళిక వదులుకోవడం, చేతికందిన అవకాశాన్ని వాడుకోకుండా ఆగడం. దేవుని మీద ఆనుకోవడం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ఈ నాలుగింటినీ చూపిస్తాను.

5

ఇప్పుడు మీలో కొందరి మనసులో ఉన్న అభ్యంతరాలు. మొదటిది, ఇది సోమరితనానికి దారి తీయదా? ఫిలిప్పీ రెండో అధ్యాయంలో పౌలు, భయంతోను వణకుతోను మీ రక్షణను కొనసాగించుకోండి అని అర్థం వచ్చేలా చెప్పి, మీలో ఇచ్ఛించడానికీ కార్యసిద్ధికీ పనిచేసేది దేవుడే అంటాడు. రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు. దేవుడు పనిచేస్తున్నాడు కాబట్టే మన పనికి అర్థముంది. వెస్లీ తర్వాతి జీవితం చూడండి, క్లౌ కాలువ కాంట్రాక్టు చూడండి. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చి నరసాపురంలో సేవ మొదలుపెట్టిన బౌడెన్, బీర్ అనే ఇద్దరిని చూడండి. ఒకరు రాతిపనివాడు, ఇంకొకరు చెప్పులు కుట్టేవాడు. జీతమిచ్చే సంస్థ ఏదీ వెనక లేదు. దేవుడే పోషిస్తాడని నమ్మి వచ్చి, గోదావరి పల్లెల్లో అరిగిపోయేదాకా తిరిగారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టిస్తున్నప్పుడు అక్కడ చేరిన కూలీల మధ్య బౌడెన్ సువార్త చెప్పాడు. నమ్మకం వాళ్లను కూర్చోబెట్టలేదు, నడిపించింది.

రెండో అభ్యంతరం నాకు ఇంకా ముఖ్యమైనది. ఈ మార్కెట్లో రోజు వడ్డీకి డబ్బు తెచ్చుకుని, గంప సరుకు కొనుక్కుని, సాయంత్రానికి అసలూ వడ్డీ కట్టి, మిగిలిన దానితో ఇల్లు నడిపే అమ్మ ఉంది. బస్తాలు మోసే కళాసీ ఉన్నాడు. వాళ్లతో వెళ్లి ‘నీ మీద నువ్వు ఆధారపడకు, తగ్గించుకో’ అని ప్రసంగించడం న్యాయమేనా? వాళ్లను లోకం ఎప్పుడో తగ్గించేసింది. వాళ్లలో చాలామందిది అతిశయం కాదు, నేనెందుకూ పనికిరాననే దిగులు. అయితే ఆ దిగులు కూడా మనిషిని తన వైపే చూసుకునేలా చేస్తుంది. గర్విష్ఠి తన గొప్పతనం చూసుకుంటాడు, దిగులుపడ్డవాడు తన లేమిని చూసుకుంటాడు. ఇద్దరి చూపూ క్రీస్తు మీద లేదు. ఒంగోలు మాదిగలు దేవుని మీద ఆనుకున్నాక ఏం చేశారు? చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. ఆదివారం పనికి రాం అన్నారు. జాతరలో డప్పు కొట్టం అన్నారు. దానికి దెబ్బలు తిన్నారు. దేవుని ముందు వంగిన తల ఊరి ముందు నిటారుగా నిలబడింది. దేవుని మీద ఆనుకోమని పేదవాడికి చెప్పే బోధకుడు ఈ సగం కూడా చెప్పాలి. చెప్పకపోతే అది బోధ కాదు, అణచివేతకు సాయం.

మూడో విషయం చెప్పడానికి కాస్త సాహసం కావాలి. దేవుని మీద ఆధారపడుతున్నాం అనుకుంటూ మనం ఒక మనిషి మీద ఆధారపడుతున్నాం. ఫలానా దైవజనుడు చెయ్యి పెడితే తప్ప జ్వరం తగ్గదు, ఫలానా చోట ప్రార్థించిన నూనె రాస్తే తప్ప కొట్టు నడవదు, ఇంత కానుక వేస్తే ఇంత తిరిగొస్తుంది. గంప సరుకు అమ్ముకునే అమ్మ దగ్గర ఆ మాట చెప్పి డబ్బు తీసుకునే వాళ్లున్నారు. ఇది ఆత్మీయత కాదు. కృపకు ధర కట్టడం. సేవకుణ్ణి గౌరవించండి, ఆయన కుటుంబం పస్తు ఉండకుండా చూసుకోండి. కాని మీకూ క్రీస్తుకూ మధ్య ఏ మనిషినీ నిలబెట్టకండి. మంచి సేవకుడు గుండ్లకమ్మ గట్టు మీద నిలబడతాడు.

6

మరి రేపు పొద్దున్న మనం ఏం చేయాలి? యోహాను సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు తీగెలతో చెప్పిన ఆజ్ఞ నిలిచి ఉండమని. ఫలించడం ఆ నిలకడ వల్ల వచ్చేది. కాబట్టి వాక్యం చదవండి, ఎన్ని అధ్యాయాలయ్యాయో లెక్కపెట్టుకోవడానికి కాదు, ఆయన మాట వినడానికి. నాలుగింటికి లేవగలిగితే లేవండి. మూడింటికే మార్కెట్‌కు రావలసినవారు బస్తాల మధ్యే ప్రార్థించండి. ఆయన వింటాడు. ప్రభువు బల్ల దగ్గరికి యోగ్యత సంపాదించుకున్నాక వద్దామని వాయిదా వేయకండి. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి, పాపం ఒప్పుకోండి, ఒప్పుకుని రండి. ఆ రొట్టె ఆకలిగొన్నవారి కోసమే విరిచారు.

పౌలుకు శరీరంలో ముల్లు ఉంది. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ప్రభువు తీయలేదు. తన కృప చాలునన్నారు. ఏళ్ల తరబడి ఒక బలహీనతతో పోరాడుతున్నవారు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు. అది పోలేదు కాబట్టి మీరు ఎదగలేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. పడ్డప్పుడు మునుపటికంటే త్వరగా క్రీస్తు దగ్గరికి పరిగెత్తుతున్నారా? పడ్డ మరొకరిని చూసినప్పుడు మునుపటికంటే మెత్తబడుతున్నారా? అయితే ఎదుగుతున్నారు. ఎదుగుతున్న సంగతి మీకే తెలియకపోవచ్చు.

చివరగా సంఘ పెద్దలకు ఒక మనవి. మన సాక్ష్యాల సమయంలో గెలిచినవాళ్లే మాట్లాడుతున్నారు. ఉద్యోగం వచ్చినవాళ్లు, రోగం తగ్గినవాళ్లు, అలవాటు మానినవాళ్లు. వాళ్లను మాట్లాడనివ్వండి, సంతోషమే. కాని ఇంకా పోరాడుతున్న ఒక్కరికైనా, ఇంకా జవాబు రాని ఒక్కరికైనా నిలబడి ‘నా కోసం ప్రార్థించండి’ అని చెప్పే చోటు ఇవ్వండి. చెప్పినవాళ్లను ఎవరూ కిందికి చూడకుండా కాపాడండి. ‘సరిచేసుకుని వస్తాను’ అని ఆగిపోయిన పిల్లలు మీ వీధిలోనే ఉన్నారు. ఈ వారంలోనే వాళ్ల ఇళ్లకు వెళ్లండి, ఉన్నట్టే రమ్మని చెప్పండి.